ఆక్టేవియా ఆర్ఎస్‌కి స్టేజ్ 1 రీమ్యాప్ రివ్యూ: నల్గొండ ఎండల, మన బంకు పెట్రోల్‌తోని ఎట్లున్నది

స్టేజ్ 1 రీమ్యాప్ అంటే పార్టులేం మార్చకుండ ఈసీయూల, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌ల, సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచుడు. ముందు రేటింగ్ చెప్పేస్త, ఐదుల నాలుగు. పని వరకే చూస్తే ఐదుకు ఐదు ఇయ్యొచ్చు గానీ బిల్లు కాడ, ఫోన్‌ల మాట్లాడే కాడ ఒక స్టార్ కోసిన, అది కింద రాస్త. గ్యారేజీ పేరు మాత్రం రాయను, రాస్తే ప్రమోషన్ అంటరు, తిడితే పగ అంటరు. హైదరాబాద్‌ల ఓఆర్ఆర్‌కు (ఔటర్ రింగ్ రోడ్డుకు) ఇటు పక్కనే ఉంటది, ఎక్కువ స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బండ్లు చేస్తరు, గంతే. అసలు పేరు కన్నా వాళ్లు పని ఎట్ల చేసిన్రో తెలిస్తే మీరు ఏ గ్యారేజీకి పోయినా ఏం అడగాల్నో తెలుస్తది, అందుకే జర పొడుగైనా మొత్తం రాస్తున్న.

బండి 2017 ఆక్టేవియా ఆర్ఎస్, సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న. 2.0 లీటర్ టీఎస్ఐ ఇంజన్, కంపెనీ లెక్కల 230 హార్స్‌పవర్, 350 ఎన్ఎం టార్క్, ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), పవర్ అంతా ముందు చక్రాలకే. ఉండేది నల్గొండల, పని మీద హైదరాబాద్ పోవుడు రావుడు, మధ్యల మిర్యాలగూడ దిక్కు కూడా తిరుగుతుంటది. అంటే నా బండి ట్రాక్ చూసింది లేదు, చూసేది నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, పంతంగి టోల్, ఆ తర్వాత ఎల్‌బీ నగర్ ట్రాఫిక్. రివ్యూ కూడా గదే లెక్కల చదువుకోండి.

మా దిక్కు పోరగాళ్లు టర్బో బండి కొన్నరంటే మొదటి వారంలనే అడిగే మాట "అన్నా ఎగ్జాస్ట్ ఏపిస్తే ఎంత పెరుగుతది" అని. సైలెన్సర్ మారిస్తే సౌండ్ పెరుగుతది, పవర్ పెద్దగ ఏం పెరగదు. టర్బో బండిల పవర్ ఉన్నది సాఫ్ట్‌వేర్ కాడ. టర్బో లేని ఇంజన్‌ల గాలి ఎంత లోపలికి పోవాల్నో వాతావరణం డిసైడ్ చేస్తది, మనం ఈసీయూల ఎంత గోకినా ఐదో ఎనిమిదో శాతం వస్తది. టర్బో అంటే గాలిని ఒత్తిడితోని ఇంజన్‌లకు కొట్టేది, ఆ ఒత్తిడి (బూస్ట్) ఎంత ఉండాల్నో చెప్పేదే ఈసీయూ, కంపెనీవోళ్లు అన్ని దేశాల ఎండలు, అన్ని రకాల పెట్రోల్, సర్వీస్ చేయించని ఓనర్లు, అన్నీ లెక్కేసుకొని దాన్ని తక్కువల కట్టేసి పెడ్తరు. రీమ్యాప్ అంటే ఆ బూస్ట్ టార్గెట్, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఎప్పుడు కొట్టాల్నో), పెట్రోల్ లెక్క, టార్క్ లిమిట్లు, ఇవన్నీ కలిపి మళ్ల రాసుడు. ఒక్క నట్టు మార్చకుండ ఇరవై ముప్పై శాతం దాక రావొచ్చు. అందుకే కొత్తోళ్లు పైసలు పెడితే దీని మీదనే పెట్టాలె, కానీ మొట్టమొదటగ మాత్రం కాదు.

నేను ఫోన్ చేసినప్పుడు వేరే రెండు మూడు గ్యారేజీలు "తీస్కొని రండి సార్, రెండు గంటల పని" అన్నరు. వీళ్ల మ్యాప్ చేసే అతను మాత్రం ముందుగాల అడిగింది "మీరు ఉండేది ఏడ, ఏ బంకుల పోయిస్తరు" అని. నల్గొండ అన్న. "ఎండాకాలం ఎట్లుంటది అక్కడ" అన్నడు. నాకు అక్కడనే సగం నమ్మకం వచ్చింది, ఎందుకంటే నల్గొండల ఎండ 44 దాటుడు కొత్త ముచ్చట కాదు, ఆ ఎండల టర్బో ఇంజన్ కష్టం వేరే ఉంటది, అది అడగకుండ మ్యాప్ ఎక్కిస్తా అన్నోడు యూరప్‌ల రాసిన ఫైల్ తెచ్చి పడేస్తడు అన్నట్టే.

బండి ఇచ్చినంక ఆ రోజు మ్యాప్ ఎక్కియ్యలే. ముందు స్కాన్ చేసి ఫాల్ట్ కోడ్లు చూసిన్రు, తర్వాత స్మోక్ టెస్ట్ పెట్టిన్రు. ఇది నేను పక్కన నిలవడి చూసిన, మీకు కూడా చెప్త. ఇన్‌టేక్ పైపును ఒక దగ్గర మూసేసి మెషీన్‌తోని లోపలికి తెల్లటి పొగ కొడ్తరు, కొంచెం ఒత్తిడితోని, పైపులు అన్నీ గట్టిగ ఉంటే పొగ ఏడికెళ్లీ రావొద్దు. మా బండిల ఇంటర్‌కూలర్‌కు (టర్బో నుంచి వచ్చే ఉడుకు గాలిని చల్లార్చే దానికి) పోయే రబ్బర్ హోస్ క్లాంప్ కాడ సన్నగ, అగర్బత్తి అంత పొగ లేస్తున్నది. నడిపేటప్పుడు నాకు ఏం తేడా తెల్వలే, చెక్ ఇంజన్ లైట్ కూడా రాలే. ఆ లీక్ ఉండంగనే బూస్ట్ పెంచితే ఏమైతదంటే, ఈసీయూ అడిగినంత ఒత్తిడి రాదు, రావాలని టర్బోను ఇంకా గట్టిగ తిప్పుతది, టర్బో వేడెక్కుతది, స్పీడ్ లిమిట్ దాటుతది, ఇగ ఒకరోజు పోతది, పోయినంక "రీమ్యాప్ చేపిస్తే టర్బో పోయింది" అని ఊరంతా చెప్పుకుంట తిరుగుతరు. క్లాంప్ మార్చిన్రు, మల్ల పొగ కొట్టి చూపెట్టిన్రు, ఈసారి రాలే.

తర్వాత ప్లగ్గులు ఇప్పిన్రు. పాతయి చూపెట్టి గేజ్ పెట్టి కొలిచిండు, అరిగి గ్యాప్ పెరిగింది. కొత్తయి వేసి గ్యాప్ 0.65 మిల్లీమీటర్ల దగ్గరకు తగ్గించి పెట్టిండు. ఎందుకు తగ్గించుడంటే సిలిండర్ల ఒత్తిడి పెరిగినా కొద్దీ స్పార్క్ దూకుడు కష్టమైతది, గ్యాప్ ఎక్కువుంటే పై ఆర్పీఎంల మిస్‌ఫైర్ కొడ్తది, మీరు దాన్ని పెట్రోల్ కల్తీ అనుకుంటరు. ప్లగ్గులకు కరెంట్ ఇచ్చే కాయిల్స్‌ల ఒకటి అనుమానం ఉన్నది అని నాలుగూ మార్పించిన, అది నా ఇష్టంతోనే. ఇట్ల మ్యాప్ కంటె ముందే ఒక బిల్లు పడ్డది, కొత్తోళ్లు బడ్జెట్ వేసుకునేటప్పుడు ఇది లెక్కల ఏసుకోరు. పాత బండి అయితే స్టేజ్ 1 రేటుల కనీసం సగం ఇంకో జేబుల పెట్టుకొని పోండి, ప్లగ్గులు, కాయిల్స్, ఇంజన్ ఆయిల్, కూలెంట్ లీకు, ఏదో ఒకటి బయట పడ్తది. ఈ ఇంజన్‌కు వాటర్ పంప్, థర్మోస్టాట్ హౌజింగ్ కాడ కూలెంట్ లీకయ్యే అలవాటు ఉన్నది, అది ముందే చూపెట్టుకోండి.

అసలు రీమ్యాప్ మంచిదా చెడ్డదా తెలిసేది లాగ్‌ల. లాగ్ అంటే బండి గట్టిగ తొక్కినప్పుడు ఈసీయూ ఏమేం చూస్తున్నదో రికార్డ్ చేసుడు: అడిగిన బూస్ట్ ఎంత, వచ్చిన బూస్ట్ ఎంత, ఇన్‌టేక్ గాలి వేడి ఎంత, పెట్రోల్ రెయిల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు పోయే పెట్రోల్ ఒత్తిడి), ప్రతి సిలిండర్‌కు టైమింగ్ ఎంత ఎనక్కి గుంజుతున్నది. ఈ ఆఖరిదే ముఖ్యం. వేడి, ఒత్తిడి రెండూ ఎక్కువైతే పెట్రోల్ గాలి స్పార్క్ తర్వాత, మంట చేరకముందే తనంతట తానే ఇష్టమున్నట్టు అంటుకుంటది, దాన్నే నాకింగ్ అంటరు. సెన్సార్ ఆ సప్పుడు వినంగనే ఈసీయూ టైమింగ్ ఎనక్కి జరుపుతది, పవర్ తగ్గుతది, ఇంజన్ బతుకుతది. ఒకటి రెండు డిగ్రీలు అప్పుడప్పుడు ఎనక్కి పోతే భయం లేదు, ఫుల్ తొక్కిన ప్రతిసారీ నాలుగైదు డిగ్రీలు గుంజుతున్నదంటే ఆ మ్యాప్ మీ పెట్రోల్‌కు సరిపోలే అన్నట్టు. మా బండిల మొదటి ఫైల్ ఎక్కించినప్పుడు మూడో సిలిండర్ మిగతా వాటికన్నా ఎక్కువ గుంజింది, అతను లాప్‌టాప్ ల గ్రాఫ్ పెద్దగ చేసి చూపెట్టి, పై ఆర్పీఎంల బూస్ట్ జర తగ్గించి, టైమింగ్ జర తగ్గించి ఇంకో ఫైల్ ఎక్కించిండు, మల్ల లాగ్ తీసిండు. ఇట్ల చేసేటోడు దొరికితే పది వేలు ఎక్కువైనా ఇచ్చేయండి. లాగ్ చూపెట్టమంటే "అవసరం లేదు సార్, మా ఫైల్ టెస్టెడ్" అన్నోడి కాడికెళ్లి తాళంచెవి తీసుకొని వచ్చేయండి.

లాగ్ వాళ్లు డైనో (బండి చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే మెషీన్) మీదనే తీసిన్రు, రోడ్డు మీద ఒక్కసారే, అదీ పక్క సీట్ల ఇంకొకలు కూసొని స్క్రీన్ చూసుకుంట. మన విజయవాడ హైవే మీద మీరే నడుపుకుంట మీరే ఫోన్ చూసుకుంట లాగ్ తీసుడు మాత్రం పెట్టుకోకండి, రాంగ్ రూట్ల బైకులు వస్తయి, బర్లు డివైడర్ దాటుతయి, హైవే మీద కారు లిమిట్ కూడా గంటకు 100.

ఇగ వేడి ముచ్చట. మ్యాప్ అయినంక ఎండాకాలం మధ్యాహ్నం నేను సొంతంగ ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్‌ల డేటా చదివేది) పెట్టి ఇన్‌టేక్ గాలి టెంపరేచర్ చూసిన. హైవే మీద నడుస్తున్నంత సేపు బయటి వేడి కన్నా పది పన్నెండు డిగ్రీలు ఎక్కువ చూపెట్టింది, అది మంచిదే. టోల్ కాడ లైన్ల నిలవడి, లేకుంటె ఏదన్న పెండ్లికి పోయి ఎండల పార్క్ చేసి మల్ల స్టార్ట్ చేసినప్పుడు 60 దాటి చూపెడ్తది, కదిలి రెండు మూడు కిలోమీటర్లు పోయినంక తగ్గుతది. ఆ వేడిల తొక్కితే ఈసీయూ తనంతట తానే పవర్ తగ్గిస్తది, బండి సుస్తుగ ఉన్నది అనిపిస్తది. చలికాలం పొద్దుగాల చిట్యాల దాటినంక అదే బండి వేరే బండి లెక్క లాగుతది. ఇది మ్యాప్ తప్పు కాదు, గాలి సాంద్రత లెక్క. మే నెలల డైనో చేపించుకొని "చెప్పినంత రాలే" అని కొట్లాడకండి, జనవరిల చేపించుకొని మస్తు వచ్చిందని మురవకండి కూడా.

దీనికి మందు పెద్ద ఇంటర్‌కూలర్. పవర్ కోసం రెండో రూపాయి ఎక్కడ పెట్టాలె అంటే మన ఎండలకు నేనైతే ఇంటర్‌కూలర్ అంట, డౌన్‌పైప్ (టర్బో ఎన్క ఉండే ఎగ్జాస్ట్ పైపు) అనను. బెంగళూరోళ్ల వీడియోలు చూసి వరుస పెట్టుకోకండి, వాళ్ల వాతావరణం వేరే.

పెట్రోల్ గురించి జర ఓపికగ చదవండి, సగం బండ్లు ఇక్కడనే ఆగమైతున్నయి. విదేశీ ట్యూనర్ల స్టేజ్ 1 ఫైల్స్ చానా వరకు 98 ఆక్టేన్ మీద రాసినయి, ఆక్టేన్ అంటే పెట్రోల్ నాకింగ్‌ను ఎంత తట్టుకుంటదో చెప్పే నంబర్. మన దగ్గర ఏండ్ల తరబడి సాధారణ పెట్రోల్ 91 ఆక్టేన్, ఇప్పుడు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చినంక మామూలు పెట్రోలే 95 ఆక్టేన్ అని ప్రభుత్వం చెప్తున్నది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, నాకింగ్ విషయంల అది మేలే. కానీ ఇథనాల్‌ల శక్తి తక్కువ, అదే పని చెయ్యాలంటే ఈ20ని ఇథనాల్ లేని పెట్రోల్ కన్నా ఏడెనిమిది శాతం ఎక్కువ పొయ్యాలె. బూస్ట్ పెంచితే ఇంకా ఎక్కువ పొయ్యాలె. రెండూ కలిసి హై ప్రెషర్ పంప్ మీద పడ్తయి, అందుకే రెయిల్ ప్రెషర్ లాగ్‌ల చూడమని చెప్పుడు, పై ఆర్పీఎంల అడిగిన ప్రెషర్ కన్నా వచ్చిన ప్రెషర్ పడిపోతున్నదంటే పంప్ అందుకుంటలేదని అర్థం. పైగా 2017 బండి ఈ20 కోసం చేసింది కాదు, రబ్బర్ పైపులు, సీళ్లు అప్పుడప్పుడు చూపెట్టుకోవాలె.

నేను ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ95 లేకుంటె హెచ్‌పీ పవర్95, ఏది దొరికితే అది పోయిస్త, మ్యాప్ కూడా దాని మీదనే రాపిచ్చుకున్న. ఎక్స్‌పీ100 మస్తుంటది, కానీ లీటర్‌కు యాభై రూపాయల దాక ఎక్కువ, హైదరాబాద్‌ల కూడా కొన్ని బంకులల్లనే, నల్గొండ నుంచి పోయి పోయించుకొని వచ్చేదాక అందుల కొంత కాలిపోతది. 100 ఆక్టేన్ మీద రాపిచ్చిన మ్యాప్ పెట్టుకొని, దేవరకొండ రోడ్డు మీద ఏదో చిన్న బంకుల మామూలు పెట్రోల్ కొట్టించి తొక్కితే జరిగేది పైన నాకింగ్ కాడ చెప్పిన. మీరు నెలల ఎక్కువ రోజులు ఏది పోయిస్తరో దాని మీదనే మ్యాప్ రాపిచ్చుకోండి, సంవత్సరానికి ఒకసారి పోసే దాని మీద కాదు.

గేర్‌బాక్స్ కాడికి వస్తే, మా బామ్మర్దికి పోలో జీటీ టీఎస్ఐ ఉన్నది, 1.2 లీటర్, 105 హార్స్‌పవర్, 175 ఎన్ఎం. నా బండి చూసి "బావా నేను కూడా చేపిస్త" అని మొదలుపెట్టిండు. నేను వద్దన్న. మా ఆర్ఎస్‌ల ఉన్న ఆరు గేర్ల డీఎస్‌జీల క్లచ్చులు ఆయిల్‌ల మునిగి ఉంటయి, వేడి తట్టుకుంటయి. పోలోల ఉన్నది ఏడు గేర్ల డ్రై క్లచ్ డబ్బా, దాని రేటింగే 250 ఎన్ఎం, స్టేజ్ 1 చేస్తే ఆ అంచు దాక పోతది, పైనుంచి ఎల్‌బీ నగర్, హయత్‌నగర్ ట్రాఫిక్‌ల పాక్కుంట పోయే బండి. ఇంకా సూడుండ్రి, ఇప్పటి స్లావియా, వర్టస్ 1.5 టీఎస్ఐ డీఎస్‌జీల కూడా ఇదే డబ్బా, ఆ ఇంజన్ షోరూం నుంచి వచ్చేటప్పుడే 250 ఎన్ఎం. అంటే మ్యాప్ చెయ్యకముందే లిమిట్ కాడ ఉన్నది. టన్ను బరువుకు చేసిన ట్రాలీల టన్నున్నర వడ్లు ఎత్తితే మిల్లు దాక పోదా అంటే పోతది, ఒక సీజన్ కూడా పోతది, ఇరుసు ఎప్పుడు ఇరుగుతదో ఎవ్వలు చెప్పలేరు. మాన్యువల్ గేర్ తీసుకున్నోళ్లకు ఈ బాధ తక్కువ, క్లచ్ జారితే క్లచ్ మార్చుకుంటరు. తక్కువ పైసలల్ల నేర్చుకోవాలె అంటే 2015ల వచ్చిన ఫియట్ అబార్త్ పుంటో ఉన్నది, 1.4 టర్బో, 145 హార్స్‌పవర్, 212 ఎన్ఎం, మాన్యువల్, నాలుగు చక్రాలకూ డిస్కులు, కానీ ఫియట్ ఇక్కడ కార్లు అమ్ముడు బంద్ చేసింది కాబట్టి పార్టుల కోసం తిరగాల్సి వస్తది, ఓపిక ఉన్నోళ్లకే.

బామ్మర్ది వినిండా అంటే, మ్యాప్ చెయ్యలే గానీ ఆన్‌లైన్‌ల పన్నెండు వందలు పెట్టి ఓబీడీ పోర్టుల గుచ్చే డబ్బా తెప్పిచ్చుకున్నడు, పవర్ ముప్పై శాతం పెరుగుతది, మైలేజీ కూడా పెరుగుతదట. గుచ్చినంక లైట్లు టుకుటుకుమని మెరిసినయి. ఇప్పి చూస్తే లోపల ఆ లైట్లు మెరిపిచ్చే సర్క్యూట్ తప్ప బండితోని మాట్లాడేది ఏం లేదు. ఇంకో రకం ఉంటది, పిగ్గీబ్యాక్ అంటరు, దానికి దీనికి పోలికే లేదు, అది బూస్ట్ సెన్సార్‌కు ఈసీయూకు మధ్యల కూసొని ఒత్తిడి తక్కువున్నట్టు చెప్తది, ఈసీయూ నమ్మి బూస్ట్ పెంచుతది. నిజంగనే పవర్ వస్తది, ఇప్పేసుడు అల్కగ, వారంటీ ఉన్నోళ్లు అందుకే పెట్టుకుంటరు. కానీ ఈసీయూకు తెల్వకుండ చేసే పని కాబట్టి టైమింగ్ లెక్కలు దాని చేతుల ఉండయి, మన ఎండలల్ల నాకైతే ధైర్యం చాలదు.

బ్లో ఆఫ్ వాల్వ్ అడిగేటోళ్లు చానామంది. గేర్ మార్చినప్పుడు ప్ష్ అనే సౌండ్ కోసమే అయితే సౌండ్ కోసమే అని ఒప్పుకోండి, పవర్ ఒక్క గుర్రం రాదు. ఎయిర్ ఫ్లో మీటర్ ఉన్న బండ్లల్ల అయితే లెక్కల పడ్డ గాలిని బయటికి వదులుడు కాబట్టి పెట్రోల్ ఎక్కువ పడి బండి మసి కక్కుతది. ఓపెన్ ఫిల్టర్ కూడా అంతే, బానెట్ కింద ఉన్న ఉడుకు గాలినే పీలుస్తది, పైగా దామరచర్ల, వాడపల్లి దిక్కు సిమెంట్ లారీల ఎన్క పోయి చూడండి గాలి ఎట్లుంటదో. కంపెనీ పేపర్ ఫిల్టర్ సగం టైంకే మార్చుకుంట పోండి, స్టేజ్ 1కు అదే సరిపోతది.

డౌన్‌పైప్, అంటే స్టేజ్ 2, టర్బో ఎన్కనే ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు పెట్టుడు. పవర్ వస్తది, కాదనను. వాసన వస్తది, పొల్యూషన్ టెస్ట్‌ల తిప్పలు, పోలీసులు సైలెన్సర్ సౌండ్ వినే ఆపుతరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చొద్దు, 2019 సవరణల వచ్చిన 182ఏ ప్రకారం ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 ఫైన్, లేకుంటె ఆరు నెలల దాక జైలు, లేకుంటె రెండూ. సాఫ్ట్‌వేర్ కంటికి కనపడదు కాబట్టి ఎవ్వలు పట్టుకోరు అనుకునేటోళ్లు ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి చదువుకోండి, మార్పులు చెప్పాల్సిందే అని ఉంటది, చెప్పకుంటె యాక్సిడెంట్ అయినప్పుడు సర్వేయర్ కాడ నోరు లేవదు. నేను పాలసీ రెన్యువల్‌ల రాసిచ్చిన, ప్రీమియం జర పెరిగింది. వారంటీల ఉన్న బండ్లు అయితే ఈ ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ కంపెనీలు మ్యాప్ మార్చిన బండిని సిస్టంల టీడీ1 అని మార్క్ చేస్తయి, ఆ తర్వాత ఇంజన్ వారంటీ మర్చిపోవుడే.

ఇగ రిజల్ట్. డైనో కాగితం ప్రకారం ఇంజన్ కాడ 280కి కొంచెం పైన. డైనో నంబర్ నమ్మకండి, తేడా మాత్రం నమ్మండి: చక్రాల కాడ కొలిచి లెక్కేసి ఇంజన్ నంబర్ రాస్తరు, ఆ లెక్క ఒక్కో డైనోకు ఒక్కో తీరు. అదే మెషీన్ మీద, అదే రోజు, అదే పెట్రోల్‌తోని ముందు ఎంత, తర్వాత ఎంత, అది అడగండి, వీళ్లు అడగకుండనే స్క్రీన్ మీద చూపెట్టిన్రు. రోడ్డు మీద 80 నుంచి 120 మధ్యల, అంటే ఓఆర్ఆర్ మీద లారీ దాటేటప్పుడు, తేడా పక్కాగ తెలుస్తది, గేర్ దిగేదాక ఆగే పని లేదు. 5,500 ఆర్పీఎం దాటినంక ఊపిరి ఆగినట్టు అయితది, ఆ టర్బో చిన్నది, దాని లిమిట్ అదే, సాఫ్ట్‌వేర్ తోని ఏం కాదు. రెండో గేర్‌ల తొక్కితే ముందు చక్రాలు పక్కకు గుంజుతయి, వానకాలం అయితే ట్రాక్షన్ లైట్ మెరుస్తనే ఉంటది. అందుకే మ్యాప్‌కు ముందే నాలుగు టైర్లు మంచియి వేయించిన, బ్రేక్ ఆయిల్ మార్పించి ప్యాడ్లు కూడా మార్పించిన. మైలేజీ మెల్లగ నడిపితే పాతదే, కాలు ఆగకుంటె ఎంత వస్తదో మీరే చూసుకోండి.

మ్యాప్ తర్వాత నడిపే తీరు మార్చాలె. తక్కువ ఆర్పీఎంల పెద్ద గేర్‌ల పెట్టి ఒక్కసారి ఫుల్ తొక్కకండి, ముఖ్యంగ మాన్యువల్ బండ్లల్ల. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలల్ల 1,800 ఆర్పీఎం దగ్గర అంత బూస్ట్ పడ్డప్పుడు స్పార్క్ కన్నా ముందే అంటుకునుడు ఉంటది, ఒక్కోసారి ఒక్క దెబ్బకే పిస్టన్ పగులుతది, దీనికి నాక్ సెన్సార్ కూడా కాపాడలేదు. ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ ఆయిల్‌కు ఇట్ల ముందే అంటుకునుడును ఆపుతదా అనే పరీక్ష ఉంటది, మీ ఇంజన్ అడిగే స్పెసిఫికేషన్‌తోపాటు డబ్బా మీద అది కూడా ఉన్నదా చూసి తీసుకోండి. కంపెనీ సర్వీస్ 15,000 కిలోమీటర్లకు ఒకసారి అంటది, నేను సగానికే ఆయిల్ మార్పిస్తున్న. డీఎస్‌జీ ఆయిల్, ఫిల్టర్ 60,000కు, అది ఎగ్గొట్టి మ్యాప్ చేపియ్యకండి.

ఇప్పుడు కోసిన స్టార్. స్టేజ్ 1 రేటు నలభై వేల పైన చెప్పిన్రు, అందుల లాగింగ్, మల్ల ట్యూన్ చేసుడు అన్నీ కలిపే, సరే అన్న. టార్క్ 400 దాటుతది కాబట్టి గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ కూడా మార్చాలె, క్లచ్ ప్రెషర్ పెంచాలె అని చెప్పింది మాత్రం బండి డైనో మీద కట్టినంక. టెక్నికల్‌గ కరెక్టే, నాకు ముందే తెల్సు కూడా, కానీ ఆ రేటు మొదటి ఫోన్‌లనే చెప్పాలె కదా, బండి ఇప్పినంక చెప్తే మనిషి కాదంటడా. అడిగితే "అందరికీ చెప్పేదే సార్" అన్నడు కౌంటర్ల పిల్లగాడు. ఫోన్ ఎత్తరు, ఎత్తినా "అన్న పనిల ఉన్నడు" అంటరు. నల్గొండ నుంచి పోయినోనికి కూసోనికి రెండు ప్లాస్టిక్ కుర్చీలు, వాటి మీద కూడా బంపర్లు పెట్టి ఉంటయి. చాయ్ మాత్రం మంచిగుంటది, పక్క కొట్టుదే.

వచ్చేటప్పుడు మూడు తీసుకోండి, వీళ్లు ఇచ్చిన్రు గానీ అడిగితేనే ఇచ్చిన్రు: బండిల ముందున్న కంపెనీ ఫైల్ బ్యాకప్, డైనో ముందు తర్వాత కాగితాలు, ఆఖరి లాగ్ ఫైల్. బ్యాకప్ ఎందుకంటే అమ్మేటప్పుడు ఎన్కకు పెట్టుకోవచ్చు. షోరూం సర్వీసుల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మ్యాప్ ఎగిరిపోతది, సర్వీస్ అడ్వైజర్‌కు ముందే అప్‌డేట్ వద్దని చెప్పి జాబ్ కార్డు మీద రాపిచ్చుకోండి, ఎగిరిపోతే మల్ల ఎక్కిచ్చుడు ఫ్రీనా కాదా అని కూడా గ్యారేజీల ముందే అడగండి, వీళ్ల కాడ ఫ్రీ.

శనివారం, ఆదివారం మాత్రం పోకండి, సిటీ బండ్లన్నీ ఆ రోజులల్లనే వస్తయి, మ్యాప్ చేసే అతను మీ బండి కాడ పది నిమిషాలు కూడ నిలవడడు. వారం మధ్యల పొద్దుగాల తొమ్మిదిన్నరకు అక్కడ ఉండేటట్టు బయల్దేరండి, ట్యాంకుల మీరు రోజూ పోయించే పెట్రోలే సగానికి పైన ఉంచుకొని పోండి.